తోక మనిషి లేని గట్టు

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత ఇబ్బంది ఉండదు. ముప్పయ్యేళ్ళ పైచిలుకు హైస్కూళ్ళలో డ్రిల్లు టీచరుగా పనిచేశాను. బడంతటినీ ఒక్క ఈలతో వరసలో నిలబెట్టిన మనిషికి మెత్తటి మాటలు ఎక్కణ్ణుంచి వస్తాయి? రిటైరయ్యాక తగ్గుతుందిలే అని మావాళ్ళు ఆశపడ్డారు. తగ్గలేదు సరికదా, ఈల కూడా మెడలోంచి దిగలేదు. తెల్లారకుండానే ట్రాక్ ప్యాంటు వేసుకుని, ఈల తగిలించుకుని సైకిలు బయటికి తీస్తుంటే మా ఆయన ముసుగులోంచే అడుగుతారు, ఇవాళ ఎవరి పని పడతావని. ఎవరు దొరికితే వాళ్ళ పనేనని చెప్పి గేటు వేస్తాను.

మాది ఏలూరు. ఇక్కడ మాకొక సైకిలు క్లబ్బు ఉంది. పుట్టించింది నేను కాదు గానీ నడిపేది నేనే. కాదనేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు, అన్నవాళ్ళు మానేశారు. క్లబ్బులో ఒక పళ్ళ డాక్టరున్నాడు, బ్యాంకు ఆఫీసర్లున్నారు, బియ్యం వ్యాపారులున్నారు, పవర్‌పేట నుంచి వచ్చే ఒక పురోహితులున్నారు. పంచె ఎగగట్టి, పిలక మీద హెల్మెట్టు పెట్టుకుని, గేర్ల సైకిలు మీద ఎదురుగాలిలో తొక్కే పంతులుగారు ఈ జిల్లా మొత్తం మీద ఇంకొకరుంటే చూపించండి. ఆయన చేరింది షుగరు తగ్గించుకోవడానికి. తగ్గింది. ఇప్పుడు ముహూర్తాలు కూడా ఆదివారం రైడు అయ్యాకే పెడుతున్నారని గిట్టనివాళ్ళు అంటారు.

రైడు అంటే ఒక వారం కొల్లేటి వైపు, ఆటపాక దాకా వెళ్ళి గూడబాతుల్ని చూసి రావడం. ఒక వారం తాడేపల్లిగూడెం. కాళ్ళలో సత్తువ ఎక్కువైన వారం జంగారెడ్డిగూడెం ఎగుడుదిగుళ్ళు. ఇదంతా మా సరదా. ఊరికి చేసే పనులు వేరే ఉన్నాయి. బళ్ళు తెరిచే ముందు పిల్లల సైకిళ్ళకి బ్రేకులు బిగించి, చెయిన్లకి ఆయిలు వేసి ఇస్తాం. కాలవ గట్టు మీద ప్లాస్టిక్ సీసాలు ఏరతాం. ఏరిన చోటే మళ్ళీ పారేసేవాళ్ళతో పోట్లాడే డ్యూటీ నాది. ఇంకొకటి, నేను మనసు పెట్టి చేసేది, పెద్ద వయసు ఆడవాళ్ళకి సైకిలు నేర్పడం.

క్లబ్బుకి రూల్సు చాలా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది తోక రూలు. అందరికంటే చివర తొక్కే మనిషిని మేము తోక మనిషి అంటాం. తోక అంటే వెనకబడినవాళ్ళని కాదు అర్థం. అందరిలోకీ గట్టిగా తొక్కగలవాళ్ళే తోకలో ఉండాలి. పంపు, పంక్చరు సామాను, గ్లూకోజు పొట్లం వాళ్ళ దగ్గరే ఉంటాయి. ఎవరి ట్యూబు పేలినా, ఎవరి పిక్క పట్టేసినా తోక మనిషి అక్కడ ఆగాల్సిందే. తోక ఆగితే అందరూ ఆగాలి. తోక మనిషి వచ్చేదాకా టీ కొట్టు దగ్గర ఎవరూ గ్లాసు ముట్టుకోకూడదు.

ఒకసారి తాడేపల్లిగూడెం వెళ్ళాం. వెళ్ళేటప్పుడు పడమటి గాలి వెనక నుంచి తోస్తుంటే అందరూ వీరులే. బాదంపూడి దగ్గర పళ్ళ డాక్టరు ట్యూబు పేలింది. నేను ఆగి, ప్యాచ్ వేసి, ఆయన్ని ముందు పెట్టుకుని గూడెం చేరేసరికి టీల మీద మీగడ కట్టింది. కొత్తగా చేరిన ఒకాయన, పాపం కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఒక గుక్క తాగేశాడు. అది దూరం నుంచే నా కంటబడింది. ఈల తీసి ఒక్కటి ఊదాను. టీ కొట్టతను కూడా గరిట వదిలేశాడు. ఆ కొత్తాయన మరుసటి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారం వచ్చి, నన్ను చూడగానే సైకిలు దిగి నమస్కారం పెట్టాడు.

తోకలో ఎప్పుడూ నేనే ఉంటాను. అరవై దాటాయి, అయినా నేనే. వెనకాల నేనున్నానంటే ముందువాళ్ళకి ధైర్యం. ఆ ధైర్యం ఇవ్వగలనన్నది నా గర్వం. ఈ కథ ఆ గర్వం గురించే.

ఆవిడ మా గ్రౌండుకి వచ్చింది వానలు మొదలైన రోజుల్లో. నలభైకి దగ్గర పడుతున్న మనిషి. చుడీదారు మీద చున్నీ ఒంటికి గట్టిగా చుట్టుకుని, గ్రౌండు గోడ పక్కన నిలబడి చాలాసేపు మా ఆడవాళ్ళు తొక్కడం చూసింది. ఏం కావాలమ్మా అని గట్టిగా అడిగితే ఒక అడుగు వెనక్కి వేసింది.

"నాకు వస్తుందంటారాండి, సైకిలు?" అంది.

ఆవిడ ఏ.ఎన్.ఎం. ఊళ్ళలో నర్సమ్మ అంటారే, ఆ ఉద్యోగం. ఇన్నాళ్ళూ నల్లజర్ల పక్కన పనిచేసింది. బదిలీల్లో కొల్లేట్లో ఒక లంక వచ్చి పడింది. ఊరి పేరు చెప్పను, ఆవిడ ఇంకా అక్కడే పనిచేస్తోంది. లంక దాకా బస్సుంది, ఆటోలున్నాయి, అది సమస్య కాదు. సమస్య ఆ ఊరికి అవతల, చేపల చెరువుల గట్ల మీద. అక్కడ చెరువులకి కాపలా ఉండే కుటుంబాలు పాకలు వేసుకుని ఉంటాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు. వాళ్ళలో కడుపుతో ఉన్నవాళ్ళుంటారు, పసిపిల్లలుంటారు. బుధవారం టీకాల రోజు. టీకాల పెట్టె భుజాన వేసుకుని, రోడ్డు నుంచి చిట్టచివరి పాకకి అయిదు కిలోమీటర్లు గట్టు మీద వెళ్ళాలి.

మొదట్లో చేపల మేత బస్తాలు మోసే మోటారు సైకిళ్ళ మీద ఎవరో ఒకరు ఎక్కించుకునేవారట. ఒక్కోరోజు ఎవరూ రారు. ఎండలో నిలబడీ నిలబడీ పెట్టెలో ఐసు కరిగిపోతుంది, ఆవిడ తిరిగి వచ్చేస్తుంది. అలా చివరి పాకలకి రెండు బుధవారాలు టీకాలు పడలేదు. మెమో వచ్చింది. స్కూటీ నేర్చుకోబోయి ఒకసారి యాక్సిలరేటరు తిప్పేసి ఆగి ఉన్న అరటిపళ్ళ బండిని గుద్దేసింది. అప్పట్నుంచి హ్యాండిలు పట్టుకుంటే చేతులు వణుకుతాయి. పైగా వానాకాలం ఆ నల్లమట్టి గట్టు మీద స్కూటీ కూరుకుపోతే ఎత్తలేరు. సైకిలైతే భుజానికెత్తుకుని అయినా దాటొచ్చు.

టీకాల రిజిస్టరులోంచి ఒక కాగితం తీసి చూపించింది. తెల్ల కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలు. మెడికల్ ఆఫీసరు గారి దివ్యసముఖమునకు అని మొదలుపెట్టి, ఈ ఉద్యోగం చేయలేకపోతున్నానని, రాజీనామా ఆమోదించమని రాసి ఉంది. తారీఖు ఒక్కటే వేయలేదు. భర్త సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో పనిచేస్తాడట. ఇద్దరు పిల్లల చదువు నడిచేది ఈవిడ జీతం మీదే. ఈ ఉద్యోగం పోతే ఏం చేస్తారని అడిగితే, అదే తెలియట్లేదండి అంది. ఎక్కడలేని కోపం వచ్చింది నాకు. సైకిలు రాక ఉద్యోగం పోవడమేమిటి, నేను బతికుండగా?

"ఆ కాగితం లోపల పెట్టు. పదిహేను రోజుల్లో తొక్కిస్తాను," అన్నాను.

తొక్కించాను కూడా. నా పద్ధతి నాకుంది. ముందు పెడళ్ళు ఊడదీస్తాను. సీటు దించేసి, కాళ్ళతో నేలని తోసుకుంటూ వెళ్ళమంటాను. నాలుగు రోజులకి రెండు కాళ్ళూ గాల్లో పెట్టి పది గజాలు జారింది. అప్పుడు పెడళ్ళు బిగించాను. ఒక ఈల ఊదితే తొక్కాలి, రెండు ఊదితే బ్రేకు. మొదట వెనకాల పరిగెత్తాను, తర్వాత వెనకాలే సైకిలు మీద తిరిగాను. నేను వెనకాలే ఉన్నాను, తొక్కు, నేను వెనకాలే ఉన్నాను అని అరుస్తూనే ఉన్నాను. పన్నెండో రోజుకి గ్రౌండంతా చుట్టేసింది. దిగి, నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నాకూ కళ్ళు తడయ్యాయి గానీ, చెమట అని చెప్పాను.

క్లబ్బు తరపున ఒక మంచి లేడీస్ సైకిలు చూశాం. వెనక క్యారేజీ మీద టీకాల పెట్టె కదలకుండా కూర్చునేలా ఇనప చట్రం చేయించాం. ఆవిడ సైకిలు పక్కన, నేను ఈలతో ఆ పక్కన నిలబడ్డ ఫోటో పేపరు జిల్లా పేజీలో వచ్చింది. నేను ఆ పేపరు కత్తిరించి దాచుకున్నాను. దాచుకోవడమే కాదు, వచ్చినవాళ్ళందరికీ చూపించాను.

మూడు వారాలు గడిచాయి. ఒక ఆదివారం రైడు మధ్యలో పంతులుగారు సైకిలు నా పక్కకి తెచ్చారు. ఆయన ఏదైనా చెప్పాలంటే ముందు గొంతు సవరించుకుంటారు. కొల్లేట్లో ఎవరో చెరువులో చేపపిల్ల వదిలేముందు పూజ చేయించుకుంటే బుధవారం వెళ్ళారట. గట్టు మీద మన నర్సమ్మ కనిపించిందట. సైకిలు ఉందట, క్యారేజీ మీద పెట్టె ఉందట. ఆవిడ మాత్రం సైకిలు పక్కన నడుస్తోందట.

పంక్చరై ఉంటుంది అన్నాను.

"కాదండి టీచరుగారూ. అడిగాను. ప్రతిసారీ అలాగే నడిపించుకుంటూ వెళ్తోందటండి," అన్నారు పంతులుగారు.

నా ఒళ్ళు మండిపోయింది. పేపర్లో ఫోటో వేయించుకుని నడుస్తుందా? మరుసటి బుధవారం నా పాత నల్ల సైకిలు తీసి, పొద్దున్నే బయల్దేరి, గట్టు మొదట్లో ఉన్న టీ కొట్టు దగ్గర కాపు కాశాను. ఆవిడ రాత్రిళ్ళు సైకిలు ఆ కొట్లోనే పెట్టుకుంటుంది. బస్సు దిగి నన్ను చూడగానే ముఖం పాలిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. అంతా తల వంచుకుని విన్నది. తర్వాత మెల్లగా చెప్పింది. గ్రౌండులో వెనకాల నేనుండేదాన్ని. ఇక్కడ తొక్కడం మొదలుపెట్టి, నాలుగు గజాలు వెళ్ళి, వెనక్కి తిరిగి చూస్తుంది. ఎవరూ ఉండరు. రెండు పక్కలా నీళ్ళు. కాళ్ళు కట్టేసినట్టయిపోతాయి, దిగిపోతుంది. చీకటితో లేచి ముందు బస్సుకి వచ్చి, పది కిలోమీటర్లూ నడిచి పని పూర్తిచేస్తోంది. కాళ్ళు వాచిపోయాయి. ఇంట్లో సైకిలు తొక్కుతున్నాననే చెప్పింది.

సరే, నేను వెనకాల ఉంటాను, తొక్కు అన్నాను. ఈల ఊదాను. ఎక్కింది, తొక్కింది! గట్టు చివరి దాకా ఎక్కడా ఆగకుండా తొక్కింది. ఓస్ ఇంతేనా అనుకున్నాను. ఆ ఆదివారమే క్లబ్బులో డ్యూటీలు వేసేశాను, ప్రతి బుధవారం ఎవరో ఒకరు నర్సమ్మకి తోకగా వెళ్ళాలని. అందరూ ఒప్పుకున్నారు. మా క్లబ్బు అంటే అది మరి. ఎంత మంచి పని చేస్తున్నామో అని నా భుజం నేనే తట్టుకున్నాను.

అలా నెల నడిచిందో లేదో, ఒక బుధవారం పళ్ళ డాక్టరుకి పొద్దున్నే ఎవరిదో దవడ వాచిన కేసు తగిలింది. వెళ్ళలేకపోయాడు, ఫోను చెయ్యడం మరిచిపోయాడు. ఆవిడ టీ కొట్టు దగ్గర సైకిలు పట్టుకుని తోక మనిషి కోసం చూసీ చూసీ, ఇక నడవడానికి కూడా పొద్దు మించిపోయి, పెట్టె తీసుకుని వెనక్కి వెళ్ళిపోయింది. చివరి పాకలో ఒకమ్మాయి అప్పుడే ఆడపిల్లని కంది. ఆ పసిదానికి టీకా పడలేదు. రెండో మెమో వచ్చింది.

ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఈసారి తిట్టడానికి నోరు రాలేదు.

"మీరంతా పనులు మానుకుని నా వెనకాల వస్తున్నారండి. ఇలా ఎన్నాళ్ళండి? వచ్చే బుధవారం ఆ పాపకి టీకా వేసేసి, కాగితం ఇచ్చేస్తానండి," అంది. కాగితం మీద తారీఖు వేసి ఉంది.

ఇంటికొచ్చి సైకిలు తలకిందులుగా పెట్టి చెయిన్ తుడుస్తూ కూర్చున్నాను. నాకు బుర్ర పనిచెయ్యకపోతే చెయిన్ తుడుస్తాను. పంతులుగారు ఏదో పని మీద వచ్చి, నా వాలకం చూసి పక్కనే అరుగు మీద కూర్చున్నారు. విషయమంతా విని ఆయన తన సంగతి చెప్పారు. ఒడుగు చేసిన పిల్లలకి ఆయన సంధ్యావందనం నేర్పుతారు. పక్కన ఆయనుంటే గడగడా చెబుతాడట పిల్లాడు. ఆయన లేచి మంచినీళ్ళకి వెళ్తే చాలు, నోట్లో మాట నోట్లోనే. అందుకని మూడోరోజు నుంచీ గోడకి చేరబడి నిద్ర నటిస్తారట. గురక కూడా పెడతారట. గురువు నిద్రపోయాడనుకుని పిల్లాడు సొంతంగా చెప్పడం మొదలుపెడతాడు.

"మీరింకా మెలకువగానే ఉన్నారండి టీచరుగారూ. అదే వచ్చిన చిక్కు," అన్నారు.

ఆయన వెళ్ళాక చాలాసేపు చెయిన్ ముట్టుకోలేదు. నేను నేర్పింది ఏమిటి? ఈల ఊదితే తొక్కడం, వెనకాల నేనుంటే తొక్కడం. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు, నేను ఆవిణ్ణి గ్రౌండులో గెలిపించి ఫోటో తీయించుకున్నాను. తప్పు ఆవిడది కాదు, నాది. ఒప్పుకోవడం చేదుగానే ఉంది. కానీ తప్పు నాదైతే దిద్దేదాన్ని కూడా నేనే కదా అనిపించగానే ప్రాణం లేచొచ్చింది. నాకూ నిద్ర నటించడం వచ్చు.

బుధవారం నేనే వెళ్ళాను. రాత్రి వాన కురిసి గట్టు మీద మట్టి అక్కడక్కడా అతుక్కుంటోంది. ఆవిడ ముందు, నేను వెనక. రెండు పక్కలా చెరువులు, పిట్టలు వాలకుండా పైన కట్టిన తాళ్ళు, అంచుల వెంట మనిషెత్తు కిక్కిస గడ్డి. ఒకప్పుడు ఇదంతా ఒక్క కొల్లేరు. ఇప్పుడు ఎంత మేరకు సరస్సు, ఎంత మేరకు చెరువు అన్నది కోర్టుల్లో తేలాలి. పాకల్లో పిల్లలు మాత్రం తేలేదాకా పుట్టకుండా ఉండరు కదా. ఒక కిలోమీటరు దాటి మొదటి తూము దగ్గరికి వచ్చాక నేను ఆగి, పంక్చరు అని కేకేశాను. ఆవిడ దిగి వెనక్కి తిరిగేలోపు వంగి, వెనక చక్రం వాల్వు మీది నట్టు తిప్పాను. కొంచెం గాలి వదిలి, ఆవిడ కనుమరుగయ్యాక పంపు కొట్టుకుని మెల్లగా వెళ్దామని నా ఎత్తు.

గాలి నిండుగా ఉన్న టైరు వాల్వు నట్టు పూర్తిగా తిప్పకూడదని బళ్ళు తెరిచే ముందు ప్రతి ఏడాదీ పిల్లలకి చెప్పేది నేనే. కంగారులో తిప్పేశాను. టప్పుమని వాల్వు ఎగిరింది, నా చెవి పక్క నుంచి వెళ్ళి చెరువులో పడింది. స్పేర్ వాల్వు లేనిదే గుమ్మం దాటకండని క్లబ్బులో ఉపన్యాసాలిచ్చేది కూడా నేనే. నాది పోయిన వారమే ఎవరికో ఇచ్చి, మళ్ళీ కొనలేదు.

ఆవిడ సైకిలు నడిపించుకుంటూ నా దగ్గరికి వచ్చింది. ముల్లు గుచ్చుకుంది, నువ్వు వెళ్ళు అన్నాను. మీరు లేకుండా ఎలా వెళ్తానండి, తోక ఆగితే అందరూ ఆగాలి కదండి అంది. నా రూలు నాకే అప్పజెప్పింది. పెట్టెలో ఐసు కరుగుతోందన్నాను. పాప ఎదురుచూస్తోందన్నాను. ఆవిడ గట్టు పొడుగునా చూసింది, పెట్టె మీద చెయ్యి వేసింది, కదల్లేదు. అలవాటు కొద్దీ నా చెయ్యి ఈల మీదికి పోయింది.

"ఈల ఊదకండి టీచరుగారూ," అంది. "అది వినపడితే మీరు వెనకాల ఉన్నట్టే ఉంటుంది. ఎంత దూరం వినపడితే అంత దూరమే వెళ్తాను."

ఆ మెత్తటి మనిషి గొంతులో అంత గట్టి మాట అంతకు ముందు వినలేదు. ఈల మెడలోంచి తీసి సంచిలో పడేశాను. ఆవిడ సైకిలు ఎక్కింది. మొదటి పది గజాలు పాములా మెలికలు తిరిగింది. కాలు కింద పెడుతుందేమో, వెనక్కి చూస్తుందేమో అని రెండు చేతులూ బిగించుకుని నిలబడ్డాను. చూడొద్దు, చూడొద్దు అని నాలో నేనే అనుకుంటున్నాను. చూడలేదు. గట్టు వంపు తిరిగే చోట కిక్కిస అడ్డం వచ్చింది, ఇక కనబడలేదు.

నా జీవితంలో నన్ను వదిలి ముందుకెళ్ళిన మొదటి రైడరు ఆవిడే. తోకలో ఇన్నేళ్ళు తొక్కాను గానీ వెనకాల ఒక్కదాన్నీ మిగిలిపోవడం అంటే ఏమిటో నాకు తెలియదు. వాన మబ్బు కింద నీళ్ళు, అటూ ఇటూ మనిషి లేడు, కాసేపు నాకే భయం వేసింది. నిజంగా వేసింది. ఆవిడ మూడు వారాలు ఈ దారిలో ఒంటరిగా నడిచింది కదా అనుకుంటే సిగ్గేసింది.

వాల్వు లేని సైకిలుని నడిపించుకుంటూ రోడ్డు వైపు బయల్దేరాను. ఒక కిలోమీటరే కదా అనుకున్నాను గానీ, గాలి లేని వెనక చక్రానికి నల్లమట్టి చుట్టుకుని అది గేదెలా మొరాయించింది. పది అడుగులకోసారి ఆగి పుల్లతో మట్టి గీకడం, మళ్ళీ తోయడం. మేత బస్తాలతో పోతున్న ఒకతను ఆగి, పంక్చరాండి, సైకిలు ఇక్కడ పడేసి ఎక్కండి, దింపేస్తాను అన్నాడు. వద్దన్నాను. పౌరుషం అని చెప్పుకోవచ్చు. అసలు సంగతి, ఆవిడ తిరిగొచ్చేదాకా ఆ గట్టు దిగడానికి నాకు మనసొప్పలేదు. నడిచిన దూరం కంటే వెనక్కి తిరిగి చూసిన దూరమే ఎక్కువ. గంట దాటింది. ఇంకో అరగంట దాటింది. చెరువులో పడిందేమో, పెట్టె పడిందేమో. ఈల సంచిలోంచి తీశాను, మళ్ళీ లోపల పెట్టాను.

అప్పుడు వెనకాల సైకిలు బెల్లు వినపడింది.

ఆవిడే. తొక్కుతూ వస్తోంది. ఒక వైపు మోకాలి దాకా బురద, మోచేయి కొట్టుకుపోయి ఉంది. నా పక్కకి వచ్చి బ్రేకు వేసి, ఎవరూ చెప్పకుండానే కాలు సరిగ్గా ఆనించింది.

"ఒక్కసారి పడ్డానండి. పెట్టె పడలేదండి," అంది. "పాపకి టీకా వేసేశానండి."

ఆవిడ దిగి, వంగి, నా వెనక చక్రం చుట్టూ ఒకసారి చూసింది.

"ముల్లు ఏదండి?"

"పీకేశాను."

"వాల్వు కూడా పీకేశారాండి?"

ఈ వయసులో ఒక ఆడపిల్ల ముందు దొంగలా దొరికిపోయాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. చున్నీ అంచుతో చేతి బురద తుడుచుకుని మళ్ళీ సైకిలెక్కింది.

"మీరు నడవండి టీచరుగారూ. నేను వెనకాలే ఉంటాను."

మిగిలిన దారంతా నేను ముందు నడిచాను, ఆవిడ నా వెనకాల తొక్కింది. ఇది చెప్పినంత తేలిక కాదు. స్కూలు స్పోర్ట్సులో ఎన్నోసార్లు స్లో సైకిల్ రేసు పెట్టించినదాన్ని, నాకు తెలుసు. వేగంగా తొక్కడం ఎవరైనా తొక్కుతారు. నడిచే మనిషి వెనకాల, నడిచే మనిషి వేగంతో, కాలు నేలకి తగలకుండా తొక్కడం కష్టం. మట్టి గీకడానికి నేను ఆగినప్పుడు మాత్రం దిగింది, నేను కదలగానే ఎక్కింది. అంతే, మధ్యలో ఎక్కడా కాలు కింద పెట్టలేదు. చెయిన్ చప్పుడు నా వెనకాలే వస్తూ ఉంది. వెనక్కి తిరిగి చూడాలనిపించలేదు.

టీ కొట్టు దగ్గర రెండు టీలు చెప్పాను. నా గ్లాసు ముందొచ్చింది. ఆవిడ సైకిలుకి స్టాండు వేసి, పెట్టె విప్పి, చేతులు కడుక్కుని వచ్చి తన గ్లాసు అందుకునేదాకా నేను ముట్టుకోలేదు. అప్పుడు ఆవిడ సంచిలోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. చివరి పాకలో ఆ పసిదాని అమ్మమ్మ పరిగె చేపలు వేయించి ఇచ్చిందట. పొట్లం కట్టడానికి పాకలో చిన్న కాగితం ముక్క కూడా లేదట.

"నా దగ్గర ఉన్నది ఇదొక్కటేనండి," అంది.

పొట్లం విప్పాను. నూనె పీల్చుకుని కాగితం అద్దంలా అయింది. పరిగెల కింద ముత్యాల్లాంటి అక్షరాలు, మెడికల్ ఆఫీసరు గారి దివ్యసముఖమునకు. కింద వేసిన తారీఖు పసుపూ కారం అంటుకుని కనబడకుండా పోయింది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఈసారి చెమట అని చెప్పలేదు.

ఇద్దరం తిన్నాం. ఉప్పు ఒక పిసరు ఎక్కువైంది.